తెలుగు వెబ్‌సైటుకు ముగ్గు ఏ టూల్‌తో పోయాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే వెబ్ డిజైన్ నేర్పే శిక్షణ కేంద్రాల ప్రకటనలు మీ జిల్లా పేజీల్లో వరుసగా కనిపిస్తాయి. ఫలానా టూల్‌ను ఇన్ని రోజుల్లో నేర్పుతామన్న మాటే వాటిలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. డిప్లొమా పూర్తిచేసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను అడిగేదీ అదే: "మేడం, వైర్‌ఫ్రేమ్ గీయడానికి ఏ టూల్ నేర్చుకుంటే మంచిది?" పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ విభాగంలో 16 ఏళ్లుగా పాఠం చెబుతున్న నేను ఈ ప్రశ్నకు చాలాకాలం టూల్ పేరుతోనే జవాబు చెప్పాను. ఆ జవాబు చాలదని నాకు ఎలా తెలిసివచ్చిందో, ఇప్పుడు ఏమి చెబుతున్నానో మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగువారి కోసం కట్టే వెబ్‌సైటుకు వైర్‌ఫ్రేమ్‌ను కూడా తెలుగులోనే గీయాలి. ఏ టూల్ పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ గీతలోనే తేలిపోతుంది.

వైర్‌ఫ్రేమ్ అన్న మాట కొత్తగా వినే పాఠకుల కోసం ఒక్క మాట. ఇల్లు కట్టే ముందు మేస్త్రి స్థలంలో సున్నంతో ముగ్గు పోస్తాడు. గది ఎక్కడ, గుమ్మం ఎటు, మెట్లు ఎక్కడ దిగుతాయి అన్నది ఇంటివాళ్లు ఆ ముగ్గులో నడిచి చూసుకుంటారు. వంటగది ఇరుకైందనిపిస్తే కాలితో చెరిపి ఇంకో గీత వేయిస్తారు. వెబ్‌సైటుకు వైర్‌ఫ్రేమ్ ఆ ముగ్గు వంటిది. రంగులు, బొమ్మలు, అలంకారం లేకుండా, పేజీలో ఏది ఎక్కడ ఉండాలి, ఏది ముందు కనిపించాలి, ఏ బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి అన్నది మాత్రమే గీతలతో, పెట్టెలతో చూపించే పటం అది. పునాది తవ్వాక గోడ జరపడం ఎంత ఖర్చో, కోడ్ రాశాక పేజీ అమరిక మార్చడం అంత ఖర్చు.

నాలుగేళ్ల క్రితం మా చివరి ఏడాది విద్యార్థులు నలుగురు ప్రాజెక్టు పనిగా ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి వెబ్‌సైటు చేయడానికి ఒప్పుకొన్నారు. పాలు పోసే రైతు తన ఫోన్‌లో ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడో, వెన్న శాతం ఎంత పడిందో, పదిహేను రోజుల బిల్లు ఎప్పుడు జమ అవుతుందో చూసుకోగలగాలి, అదీ పని. నేను పేరున్న టూల్ ఒకటి చెప్పాను. పిల్లలు వారం తిరిగేలోపు కళ్లకు ఇంపైన పేజీలు తయారుచేశారు. పచ్చని రంగు, గుండ్రని అంచుల బటన్లు, పైన పెద్ద గేదె ఫొటో. శీర్షికలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి; వాక్యాలు ఉండవలసిన చోట లోరెమ్ ఇప్సమ్ ఉంది. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ వక్త సిసిరో రచనను ముక్కలు చేసి, ఖాళీ నింపడానికి అచ్చుపనివారు వాడుతూ వచ్చిన లాటిన్ అది.

సంఘం కార్యాలయంలో గోడ మీద ప్రొజెక్టర్‌తో వాటిని చూపించాం. పాలకవర్గ సభ్యులు ముప్పావు గంట మాట్లాడారు. అందులో అరగంట ఆ గేదె గురించే. కొమ్ములు మెలి తిరగలేదు కాబట్టి అది ముర్రా జాతి గేదె కాదని, మన సంఘం పేజీ మీద మన ప్రాంతంలో పెంచే పశువే ఉండాలని ఒక సభ్యుడు గట్టిగా చెప్పారు. ఆయన చెప్పింది సరైన మాటే. మేము బొమ్మ చూపించాం కనుక వారు బొమ్మ గురించి మాట్లాడారు. రైతు ముందుగా ఏమి చూడాలన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. కార్యదర్శి గారు చివర్లో "పిల్లలు కష్టపడి చేశారు, బాగుందమ్మా" అన్నారు. అంత కష్టపడి పూర్తిచేసినట్లు కనిపించే పనిలో తప్పు ఎత్తిచూపడానికి మర్యాద తెలిసిన మనిషికి నోరు రాదు.

అసలు ఇబ్బంది తెలుగు ఎక్కించిన రోజున బయటపడింది. ఇంగ్లిషులో సబ్మిట్ అన్న ఆరు అక్షరాలకు కొలిచి గీసిన బటన్‌లో "సమర్పించండి" పట్టలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయినవారి కోసం పెట్టిన లింకు రెండు వరుసలై కింది పెట్టె మీదికి వెళ్లింది. అంతకంటే బాధ కలిగించినది పట్టిక. చివరి గడి శీర్షిక "మొత్తం". ఇంగ్లిషు అక్షరం ఎత్తుకు సరిపెట్టిన ఆ గడిలో త కింద వత్తు సగానికి పైగా గీత వెనక్కి పోయి, ఫోన్‌లో అది "మొతం" అని కనిపించింది. పక్క గడిలో "చెల్లింపు" కూడా అలాగే "చెలింపు" అయింది. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. గుడి, ఏత్వం పైన, వత్తులు కింద, "రాష్ట్రం" వంటి మాటలో ఒక వత్తు కింద ఇంకో వత్తు. తలకట్టు మొదలుకొని అడుగు వత్తు దాకా కావలసిన ఎడాన్ని ముందే లెక్కగట్టకపోతే, తరువాత ఎక్కడ సవరించినా మరెక్కడో తెగుతుంది. తేదీ, పూట, లీటర్లు, కొవ్వు శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు), ధర, మొత్తం అన్న ఏడు నిలువు గడులు ఫోన్ తెర మీద పట్టనే పట్టలేదు. ఆండ్రాయిడ్ ఫోన్ తెరను డిజైనర్లు సాధారణంగా 360 పిక్సెళ్ల వెడల్పుగా లెక్కవేస్తారు. అందులో ఏడు తెలుగు శీర్షికలు ఎలా ఇమడగలవు? ఆ లెక్క మొదటి రోజే వేయించవలసినదాన్ని నేను. పిల్లలు ఆరు వారాలు రాసిన కోడ్‌లో సగానికి పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండోసారి పెన్సిలు, గళ్ల కాగితం, రబ్బరు పట్టుకుని వెళ్లాం. కాగితాన్ని ఫోన్ వెడల్పుకు కత్తిరించుకున్నాం. ప్రతి మాటా తెలుగులో, చేత్తో రాసుకున్నాం. ఈసారి కార్యాలయంలో కాదు, ఉదయం పాలు పోసే వేళ కేంద్రం దగ్గర అరుగు మీద కూర్చున్నాం. క్యాను దించి వచ్చిన ఒక పెద్దావిడకు మా విద్యార్థిని కాగితం చూపించి, "పెద్దమ్మా, ఇది మీ ఫోన్ అనుకోండి, ముందు ఏం చూస్తారు?" అని అడిగింది. ఆవిడ చదవగలరు. కాసేపు చూసి, కింద మూలన ఉన్న గడి మీద వేలు పెట్టి, "ఈ పూట ఎంత పోశాను, డబ్బులు ఎప్పుడు పడతాయి, ఈ రెండూ పైకి తెండి. మిగతాది మా అబ్బాయి చూసుకుంటాడు" అన్నారు. ఆ వెంటనే "కొవ్వు శాతం" అన్న మాట దగ్గర ఆగి, "ఇదేంటమ్మా, వెన్న అని రాయొచ్చుగా" అన్నారు. మా పిల్లలు నిఘంటువు చూసి పెట్టిన మాట అది. అక్కడికక్కడే రబ్బరుతో చెరిపి "వెన్న" అని రాశాం. ఏడు గడుల పట్టిక పోయి, పూటకొక పెట్టె వచ్చింది. కార్యదర్శి గారు ఈసారి మర్యాదకు ఆగలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి "వార్తలు" అన్న భాగాన్ని అడ్డంగా కొట్టేశారు, బకాయిల కోసం ఒక చోటు గీసి చూపించారు. కాగితం మీది పెన్సిలు గీతను దిద్దడానికి ఎవరూ మొహమాటపడరు.

ఈ అనుభవం తరువాత టూళ్లను నేను చూసే తీరు మారింది. గీత మోటుగా కనిపించడంలో ఉన్న ప్రయోజనాన్ని గుర్తించి, దానినే ఆధారంగా చేసుకున్న టూళ్లు ఉన్నాయి. అడోబీ అన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇంజినీరుగా పనిచేసి బయటికి వచ్చిన ఇటలీ వాసి పెల్డి గుయిలిజోని 2008లో తెచ్చిన బాల్సమిక్ అందులో పేరెన్నికగన్నది. దానిలో పెట్టెలు, బటన్లు అన్నీ చేత్తో గీసినట్లే కావాలని వంకరగా ఉంటాయి. చూసిన మనిషి అది ఇంకా పూర్తికాని పని అని గ్రహించి అభిప్రాయం చెబుతాడు. 2020లో వచ్చిన ఎక్స్‌కాలిడ్రా కూడా అటువంటిదే. దాని మూల సంకేతం (సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉంది, ఖాతా తెరవకుండానే బ్రౌజర్‌లో గీయవచ్చు, ఖర్చు లేదు. అయితే మనవాళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ రెండింటిలోనూ చేతిరాత వలె కనిపించే ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగులో టైపు చేస్తే కంప్యూటర్‌లో ఉన్న మామూలు అచ్చు ఫాంటు వచ్చి ఆ చోట కూర్చుంటుంది. వంకర గీతల పెట్టెలో అచ్చు అక్షరాలు కనిపిస్తే, పెట్టె ఇంకా మారవచ్చు గానీ మాట మాత్రం ఖరారైపోయిందని చూసేవారికి తోస్తుంది; మన పనిలో చాలాసార్లు మార్చవలసింది ఆ మాటనే. అందుకని నేను విద్యార్థుల చేత తెలుగు మాటలను కాగితం మీద రాయించి, ఫొటో తీయించి, ఆ ఫొటోను పెట్టెలో పెట్టిస్తున్నాను. ఇది శ్రమతో కూడిన పనే. మన చేతిరాతను పోలిన తెలుగు ఫాంటు ఒకదాన్ని ఎవరైనా ఇటువంటి టూళ్లలో చేర్పిస్తే ఆ శ్రమ తప్పుతుంది. ఫాంట్లు రూపొందించే తెలుగువారు ఈ పని తలపెట్టాలని నా కోరిక.

ఫిగ్మా గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. 2012లో మొదలై, 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ టూల్‌లో ఒకే పేజీ మీద పలువురు ఒకేసారి పనిచేయవచ్చు. విద్యార్థులకు, అధ్యాపకులకు ఉచితం. ఉద్యోగాల ప్రకటనల్లో దాని పేరు తరచుగా కనిపిస్తుంది. పిల్లలు దానిని నేర్చుకోవడం అవసరమే, నేనూ నేర్పుతున్నాను. కాకపోతే అది పని చివరిదాకా చేయగల టూల్. రంగు, నీడ, అంచు అన్నీ చేతికి అందుతూ ఉంటే, మొదటి రోజున గీత దగ్గర ఆగడం పద్దెనిమిదేళ్ల పిల్లలకు కష్టం. నా తరగతిలో దానికి ఒక నియమం పెట్టాను: వైర్‌ఫ్రేమ్ దశలో నలుపు, తెలుపు, ఒక్క బూడిద రంగు తప్ప వాడకూడదు, ఫొటో ఉండవలసిన చోట అడ్డగీతలు కొట్టిన పెట్టె ఉండాలి, ఇంగ్లిషు మాట గానీ, లోరెమ్ ఇప్సమ్ గానీ కనిపిస్తే ఆ పేజీ వెనక్కి ఇచ్చేస్తాను. మాట చెబితే పేజీ మొత్తం గీసి ఇచ్చే కృత్రిమ మేధ టూళ్లు ఇప్పుడు వచ్చాయి. పాలు పోసే మనిషిని అడగకుండానే వచ్చే పేజీ అది; దానిని, ఆ మనిషిని అడిగి గీసిన గీత పక్కన పెట్టి పోల్చుకోవడానికి వాడితే వాడవచ్చు.

ఒక్క కంపెనీ టూల్ మీద చదువంతా నిలబెట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని అడోబీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. ఐరోపా, బ్రిటన్ నియంత్రణ సంస్థల అభ్యంతరాల నడుమ 2023 డిసెంబరులో ఆ ఒప్పందం రద్దయింది. ఈలోగా అడోబీ తన సొంత టూల్ ఎక్స్‌డీని విడిగా అమ్మడం మానేసింది. ఒకప్పుడు డిజైనర్లందరి నోటా వినిపించిన ఇన్‌విజన్ 2024 చివరితో తన డిజైన్ సేవలను మూసివేసింది. ఎక్స్‌డీ మీదే కోర్సు నడిపిన శిక్షణ కేంద్రాలు, దానికి ఫీజు కట్టిన పిల్లలు ఏమి చేయాలి? అమరిక గురించి ఆలోచించడం నేర్చుకున్న పిల్లవాడికి టూల్ మారితే వారం పడుతుంది. మెనూలు మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు మళ్లీ ఫీజు కట్టాలి.

ఈ కారణం చేతనే నేను పెన్‌పాట్‌ను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కు చెందిన కలైడోస్ సంస్థ తయారుచేసిన ఈ టూల్ మూల సంకేతం బహిరంగం. బొమ్మలకు ఎస్‌వీజీ, పేజీ అమరికకు సీఎస్‌ఎస్ వంటి బహిరంగ వెబ్ ప్రమాణాల మీద కట్టినది కాబట్టి గీసినది ఒక కంపెనీ పెట్టెలో చిక్కుకోదు. కళాశాల తన సొంత సర్వర్ మీద దానిని పెట్టుకోవచ్చు. బయటి ఇంటర్నెట్ పోయినా ల్యాబ్ లోపల పని ఆగదు. ఇంటర్నెట్ నమ్మకంగా ఉండని ఊళ్లలో చదివేవారికి డ్రా డాట్ ఐఓ డెస్క్‌టాప్ రూపం, వియత్నాంలోని ఎవోలస్ సంస్థ విడుదల చేసిన పెన్సిల్ అన్న టూల్ కూడా ఉచితంగానే దొరుకుతాయి. చూపులకు సాదాగా ఉన్నా వైర్‌ఫ్రేమ్‌కు అవి చాలు. స్కెచ్ అన్న టూల్ మ్యాక్ కంప్యూటర్ల మీద మాత్రమే నడుస్తుంది కనుక మన కళాశాలలకు దాని ప్రసక్తి లేదు. షరతుల మీద షరతులున్న పెద్ద దరఖాస్తులను గీసేవారికి ఆక్జూర్ అన్న టూల్ ఉపయోగపడుతుంది, మొదటి టూల్‌గా మాత్రం నేను చెప్పను.

ఏ టూల్‌కైనా డబ్బు కట్టే ముందు, కోర్సుకు ఫీజు కట్టే ముందు, ఒక చిన్న పరీక్ష పెట్టమని అందరినీ కోరుతున్నాను. కొత్త పేజీ తెరిచి "స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, వాఙ్మయం, మొత్తం" అని టైపు చేయండి. వత్తులు తమ చోట కూర్చున్నాయా, విడిపోయి పక్కకు జరిగాయా చూడండి. ఫాంటును నోటో సాన్స్ తెలుగు నుంచి మండలికి, అక్కడి నుంచి రామభద్రకు మార్చండి. ఒకే సైజు అంకె వేసినా మన ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో వస్తాయి, పెట్టె ఆ మార్పుకు తగ్గట్టు పెరుగుతుందో లేదో తెలుస్తుంది. తరువాత ఆ పేజీని పీడీఎఫ్‌గా తీసి ఇంకొకరి ఫోన్‌లో తెరిపించండి, ఎందుకంటే టూల్‌లో సరిగా కనిపించిన అక్షరం పీడీఎఫ్‌లో విరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. చివరగా సంఘంవారో, దుకాణంవారో ఇచ్చిన అసలు తెలుగు పాఠాన్ని తెచ్చి అతికించండి. మన ఊళ్లలో కరపత్రాలు, నియమావళులు ఇప్పటికీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు చదవగల అక్షర ప్రమాణం) కాని పాత డీటీపీ అక్షరాల్లో ఉంటాయి. అతికించగానే అవి అర్థంకాని గుర్తులైపోతాయి. వాటిని మళ్లీ టైపు చేయించడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ రోజే తెలియడం మంచిది. ఇదంతా పావుగంట పని. పెద్ద కంపెనీ చేసింది కాబట్టి తెలుగు సరిగానే ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ కలిసిన ఒక తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, 11.2.6 నవీకరణ ఇచ్చి ఆపిల్ దానిని సరిచేసింది.

ఇక ప్రభుత్వ శాఖలకు, స్థానిక సంస్థలకు ఒక విన్నపం. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం జాతీయ స్థాయి మార్గదర్శకాలు 2009లో మొదటిసారి వచ్చాయి, 2023లో మూడో రూపం వచ్చింది. దృష్టి లోపం వంటి ఇబ్బందులున్నవారికి కూడా పేజీ అందాలన్న నియమాలు వాటిలో వివరంగా ఉన్నాయి. ఆ నియమాల్లో చాలావాటిని వైర్‌ఫ్రేమ్ దశలోనే సరిచూసుకోవచ్చు: శీర్షికల క్రమం, బటన్ పేరు, అక్షరం పెద్దది చేస్తే పేజీ ఎటు పోతుందన్నది. అయినా చాలాచోట్ల ముందు ఇంగ్లిషు పేజీ కట్టి, బిల్లు చెల్లించి, ఆ తరువాత తెలుగును అందులోకి దూర్చుతున్నారు. టెండరు పత్రంలో ఒక్క షరతు చేర్చితే ఈ పద్ధతి మారుతుంది: కోడ్ రాయడం మొదలుపెట్టక ముందే, ఫోన్ వెడల్పులో, అసలు తెలుగు మాటలతో గీసిన వైర్‌ఫ్రేమ్‌ను ఆ సేవ వాడే పదిమందికి చూపించి, వారు చెప్పిన మార్పులతో సహా సమర్పించాలి. ఏ టూల్‌తో గీశారన్నది గుత్తేదారు ఇష్టానికి వదిలేయవచ్చు. గళ్ల కాగితమైనా అభ్యంతరం ఉండకూడదు. డిప్లొమా పాఠ్యప్రణాళిక రూపొందించే పెద్దలు కూడా వెబ్ డిజైన్ ల్యాబ్‌లో మొదటి రెండు వారాలను కంప్యూటర్ ముట్టని పనికి కేటాయించి, ఆ తరువాత మూల సంకేతం బహిరంగంగా ఉన్న టూల్ ఒకదాన్ని తప్పనిసరి చేయాలని మనవి చేస్తున్నాను.

ఈ జూన్‌లో వచ్చే విద్యార్థుల కోసం మా ల్యాబ్‌లో పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకదాని మీద పెన్‌పాట్‌ను ఎక్కించాం. ఇరవైమంది ఒకేసారి వాడితే తట్టుకుంటుందా అన్నది ఈ నెలలో పరీక్షిస్తున్నాం. పాల సంఘం కోసం గీసిన గళ్ల కాగితాలు, కార్యదర్శి గారి ఎర్ర సిరా దిద్దుబాట్లతో సహా, మా విభాగం బీరువాలో భద్రంగా ఉన్నాయి. వెబ్ డిజైన్ నేర్పే అధ్యాపకులు, శిక్షణ కేంద్రాలవారు ఎవరైనా వచ్చి చూడదలిస్తే సంతోషంగా చూపిస్తాం.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకురాలు,
గుంటూరు జిల్లా